నాలుగు గొట్టాల దీవెన

కిటాలె,
2 సెప్టెంబర్ 2019

కిముతై అన్నయ్యకి,

నిన్న నీకు ఫోన్ చేశాను. గుర్తుందా? ఉండదులే. "ఆవు ఈనిందా అన్నయ్యా?" అని అడిగితే "ఈనింది, కోడె..." అన్నావు. ఆ తర్వాత పదకొండు నిమిషాలు గురక. అరిచాను, పాట పాడాను. చివరికి ఫోన్ మా కుక్క చెవి దగ్గర పెడితే అది మంచం కిందకి దూరింది, ఇంకా బయటికి రాలేదు. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో నువ్వు నిద్రపోయినా, లేచేసరికి మిగతాది అక్కడే ఉంటుంది.

అసలు సంగతి. డిసెంబర్ పద్నాలుగున మా అమ్మాయి జెమెలి కొయిటో. పెళ్ళికొడుకు కిప్రుతో తరఫు పెద్దలు మా ఇంటికొచ్చి పిల్లకిచ్చే పశువుల మాట తేల్చుకుంటారు. చివర్లో మేనమామ లేచి పిల్ల గుండె మీద ఉమ్మి దీవించాలి. ఆ మేనమామవి నువ్వు. పోయినేడు వదిన పుట్టింటి కొయిటోలో ఏం చేశావో మర్చిపోయావేమో, ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన మాట్లాడుతుంటే ఆయన మాట వినపడకుండా గురకపెట్టావు. తట్టి లేపితే ఎగిరి దూకి "దొంగా, నా ఆవుని వదులు!" అని ఆయన కాలరు పట్టుకున్నావు. ఆ పెళ్ళి వానలు వెళ్ళేదాకా వాయిదా పడింది.

ఇదివరకు నువ్విలా ఉండేవాడివి కాదు. పిల్లలం ఎంత అల్లరి చేసినా నవ్వేవాడివి. ఇప్పుడు తుమ్మితే కోపం, దగ్గితే కోపం. మొన్న మేకని పేరు పెట్టి మరీ తిట్టావని వదిన చెప్పింది. ఇదంతా నిద్రలోనుంచి వచ్చే జబ్బే అంటుంది జెమెలి. ఎల్డొరెట్‌లో అది పనిచేసే ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ పెద్దగా గురకపెట్టే వాళ్ళని పోగుచేసి పరిశోధన చేస్తోందట. ఒక రాత్రి అక్కడ పడుకోవాలి. జబ్బుందని తేలితే ఊపిరి ఆడించే మిషను ఇంటికి అరువిస్తారు. వెళ్ళు. వెళ్ళకపోతే దీవించడానికి అరప్ తువెయ్‌ని పిలుస్తాను. మన పెదనాన్న కొడుకు కాబట్టి ఆయనా మేనమామే.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అన్నయ్యా, నాన్న కూడా ఇలాగే గురకపెట్టేవాడు. అరవై ఒకటో ఏట ఒక పొద్దున లేవలేదు. నీకిప్పుడు అరవై నాలుగు. నాకు చాలా భయంగా ఉంది.

దీంతో పాటు జెమెలి పంపిన పొట్లం ఉంది. అందులో మూతలున్న నాలుగు చిన్న గొట్టాలు. లేవగానే ఒకదాంట్లో, అరగంటకి ఒకదాంట్లో, మధ్యాహ్నం ఒకదాంట్లో, పడుకోబోయే ముందు ఒకదాంట్లో ఉమ్మి, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు దాని చేతికివ్వు. ఎందుకో అదే చెబుతుంది.

నీ చెల్లెలు,
తప్రందిచ్


కప్తుమో,
11 సెప్టెంబర్

తప్రందిచ్‌కి,

...దూడ. కోడెదూడ. మాట పూర్తిచేసే లోపల నువ్వే ఫోన్ పెట్టేశావు.

నేను గురకపెట్టను. కళ్ళు మూసుకుని ఆలోచిస్తాను. ముప్పై ఏళ్ళు తేయాకు తూచినవాణ్ణి, కళ్ళు మూసుకునే గంపలో తడి ఎంతుందో చెప్పేవాణ్ణి. ఇక మేక సంగతి. ఆ మేక మాటలు పడాల్సిన పనే చేసింది. నా టోపీ తింది.

అరప్ తువెయ్‌ని పిలుస్తావా? ఆయన ఉమ్మితే పళ్ళసెట్టు కూడా వచ్చి పిల్ల ఒళ్ళో పడుతుంది. ఊళ్ళో ఒక పసిపాపకి పేరుపెట్టిన రోజు జరిగింది అదే కదా. ఆ పాప ఇప్పటికీ ఆయన్ని చూస్తే ఏడుస్తుంది.

జెమెలి గొట్టాలు చూసి మాత్రం నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొయిటో నాడు మామయ్య నిద్రపోతే ఎలాగని, నా దీవెన ముందే పట్టి దాచుకుందామనుకుంది పిచ్చితల్లి! అంత ప్రేమగా అడిగితే ఏదో ఒకలా ఉమ్మి పంపుతానా? ఒక్కోసారీ స్నానం చేసి, తూర్పుకి తిరిగి, చేత్తో పచ్చగడ్డి పట్టుకుని, నోరు చల్లబడాలని సొరబుర్రలో బొగ్గుపొడి వేసి పులియబెట్టిన ముర్సిక్ పాలు నోటినిండా పుక్కిలించి అప్పుడు ఉమ్మాను. మొదటిది పిల్లల కోసం. రెండోది పాడి కోసం. మూడోది కిప్రుతో నోరు అదుపులో ఉండటం కోసం. గొట్టాల మీద పేర్లు రాశాను, కలిపెయ్యొద్దని చెప్పు.

నాలుగోది లేదు. పక్కింటి జెబివోట్ ఇటెన్‌లో పరుగు పందానికి వెళ్తుంటే దాని బూట్ల మీద పోశాను. అరవై మందిలో నాలుగోదిగా వచ్చింది! ఎప్పుడూ ముప్పైకి ఇవతల కనపడని పిల్ల. ఇప్పుడు మా వాకిట్లో పొద్దున్నే ఏడుగురు బూట్లు పట్టుకుని నిలబడుతున్నారు. జెమెలిని ఇంకో డజను గొట్టాలు పంపమను.

ఆస్పత్రికీ వెళ్ళొచ్చాను, నువ్వు ఏడిపిస్తావని. తలకీ గుండెకీ కాలికీ తీగలు తగిలించి "హాయిగా పడుకోండి నాన్నా" అంది నర్సు. నేను రాత్రంతా మేలుకునే ఉన్నాను. వాళ్ళేమో ఆరుగంటలు నిద్రపోయానంటున్నారు. మిషన్లని ఎంతవరకు నమ్మాలో నువ్వే ఆలోచించు.

బావని అడిగానని చెప్పు.

అన్నయ్య


కిటాలె,
24 సెప్టెంబర్

అన్నయ్యా,

నీ గొట్టాలు తెరిచి జెమెలి తలపట్టుకుందట. మూడింట్లోనూ పాలు, బొగ్గుపొడి, ఒకదాంట్లో గడ్డిపోచ! "మామయ్యవి పరీక్ష చేస్తే ఆవుకి ఏ జబ్బుందో తెలుస్తుందమ్మా" అంది. నవ్వలేక చచ్చాం ఇద్దరం.

దీవెన దాచుకోవడానికి కాదురా నాయనా అవి. పరీక్షకి! తప్పు నాదే, విడమర్చి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. వద్దు, నిలబడి చదువు, కూర్చుంటే నిద్రపోతావు.

నువ్వు పడుకున్నప్పుడు నీ గొంతు మూసుకుపోతోందట. ఊపిరి ఆగుతోంది. గంటకి నలభై మూడుసార్లు! ఆగిన ప్రతిసారీ ఒళ్ళు నీళ్ళల్లో మునుగుతున్నట్టు హడలిపోయి, నిన్ను లేపడానికి కంగారు పుట్టించే హార్మోన్లు వదులుతుందట. ఒకటి ఉమ్ములో తెలుస్తుంది, దాని పేరు కార్టిసాల్. పొద్దున ఎక్కువ ఉండి రాత్రికి దిగిపోవాలి. ఇంకోటి ఉచ్చలో తెలుస్తుంది, అది అడ్రినలిన్ జాతిది. చిరుత ఎదురైనప్పుడు ఒంట్లో పొంగేది అదే. నీకు రోజూ రాత్రి గంటకి నలభై చిరుతలు వస్తున్నాయన్నమాట. పొద్దున మేకని తిట్టవా మరి!

అందుకని మళ్ళీ నాలుగు గొట్టాలు పంపుతున్నాను. ముర్సిక్ వద్దు, గడ్డి వద్దు, తూర్పు వద్దు. ఉత్త ఉమ్ము. ఒక డబ్బా కూడా పంపుతున్నాను, రాత్రి పోసిందంతా అందులో పట్టి తీసుకెళ్ళు. దాంతో ఎవరి బూట్లూ తడపకు.

తప్రందిచ్


కప్తుమో,
5 అక్టోబర్

తప్రందిచ్‌కి,

డబ్బా తీసుకుని మటాటు వ్యాను ఎక్కాను. ఐదు లీటర్ల వంటనూనె డబ్బా, ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనున్న ముసలమ్మ "తేనె ఎక్కడ దొరికిందయ్యా?" అని అడిగింది. "ఇంట్లోదే" అన్నాను. దారిలో పోలీసు బండి ఆపి, దొంగసారా అనుకుని దింపమన్నాడు. "బాబూ, తెరవకు" అన్నాను. "అందరూ అలాగే అంటారు" అని మూత తీసి గట్టిగా వాసన చూశాడు. మూత తనే బిగించి, నాకు సెల్యూట్ కొట్టి పంపించాడు.

ఇంతవరకే నవ్వు. మొన్న పరీక్ష కాగితం వచ్చిందంటే మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. రాత్రికి దిగిపోవాల్సిన ఆ కార్టిసాల్ నాకు దిగలేదట. పొద్దుట ఎంతుందో రాత్రీ ఇంచుమించు అంతే. "మామయ్యా, నీ ఉమ్ములో కంగారు రసం చాలా ఎక్కువగా ఉంది" అంది జెమెలి. పాపం అది మామూలుగానే చెప్పింది. నేను మాత్రం అక్కడ్నుంచి ఇంటికెలా వచ్చానో నాకు తెలీదు.

గుండె చల్లగా ఉన్నవాడే దీవించాలని నాన్న చెప్పేవాడు. కోపంతో ఉన్నవాడు ఉమ్మితే అది తిట్టుకిందే లెక్క. ఇన్నేళ్ళూ నేనేం చేసినట్టు? కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. అరప్ బెట్ కొత్త ఇంటి రేకుల్ని దీవించాను, వారానికే ఎగిరిపోయాయి. ఎర్రపెయ్యని దీవించాను, చూడి కట్టలేదు. మావాడి మోటారుసైకిలుని దీవించాను, మూడోరోజు కాలవలో ఉంది. నీ పెళ్ళిలో బావని దీవించింది నేనే, ఆ ఏడే ఆయనకి జుట్టంతా ఊడింది.

మన జెమెలి మీద ఆ ఉమ్ము పడకూడదు. అరప్ తువెయ్‌నే పిలువు.

అన్నయ్య


కిటాలె,
14 అక్టోబర్

అన్నయ్యకి,

ఓహో, అలిగావన్నమాట! ఆవు పరీక్ష అని నవ్వామని అలక. తువెయ్ పేరెత్తానని అలక. అలిగి నా పెళ్ళి మీద, మా ఆయన బట్టతల మీద పడతావా? ఆయన తల చూసి నేను ముప్పై ఏళ్ళుగా ఏమీ అనలేదు, నువ్వెవరు అనడానికి?

సరే. నువ్వు అడిగినట్టే అరప్ తువెయ్‌కి కబురు పంపాను. ఆయన సంతోషం పట్టలేక కొత్త కోటు కుట్టించుకుంటున్నాడు. మిషను మాత్రం తెచ్చుకుని పెట్టుకో. నా మీద అలిగినా ఊపిరి మీద అలగకు.

తప్రందిచ్


కప్తుమో,
6 నవంబర్

చెల్లీ,

నేను అలగలేదు. అలిగితే అంత పెద్ద ఉత్తరం రాస్తానా? అలిగినప్పుడు నేను రెండు ముక్కలే రాస్తాను, నీకు తెలియదా?

మిషను వచ్చి మూడువారాలైంది. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం. పెట్టుకుంటే ఏనుగు పిల్లలా ఉన్నానట, వదిన నవ్వీ నవ్వీ మంచం మీంచి దొర్లింది. కాసేపటికి మాత్రం లేచి కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. ముప్పై ఏడేళ్ళలో మొదటిసారి గురక వినపడకపోయేసరికి నేను పోయాననుకుంది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చేశారు. అరప్ బెట్ అయితే అప్పటికే "మంచివాడు, కాస్త కోపిష్టి" అని నా గురించి మాట్లాడుతున్నాడు. నేను మాస్కుతోనే లేచి తలుపు దగ్గరకి వెళ్ళాను. ఆ తర్వాత అంత వేగంగా పరిగెత్తిన అరప్ బెట్‌ని జెబివోట్ కూడా పట్టుకోలేకపోయింది.

నష్టమూ ఉంది. నా గురకకి భయపడి ఇన్నాళ్ళూ మొక్కజొన్న జోలికి రాని అడవిపందులు ఇప్పుడు కుటుంబాలతో వస్తున్నాయి. వానపడి కరెంటు పోతే మిషను ఆగిపోతుంది, అప్పుడు నేను మళ్ళీ గురక మొదలుపెడతాను, పందులు వెళ్ళిపోతాయి.

కానీ తప్రందిచ్, ఎలా చెప్పను? పొద్దున లేస్తే తల బరువుగా లేదు. చిన్నప్పుడు లేచినట్టు లేచాను. మేక మళ్ళీ టోపీ తింటే ఊరుకుని ఇంకో టోపీ పెట్టుకున్నాను. అరప్ తువెయ్ ఇంటికి నేనే వెళ్ళి "బాగా దీవించు అన్నా" అని చెప్పొచ్చాను. పళ్ళసెట్టు ఊడకుండా అంటించుకునే జిగురు కూడా కొనిచ్చాను. వదినకి నా మంచితనం చూసి భయమేస్తోందట. పోయేముందు మనుషులు ఇలాగే మారతారని అంటోంది.

నేనే దీవించాలని నాకెంత ఉందో నీకు తెలుసు. జెమెలి పుట్టినప్పుడు బావకంటే ముందు దాన్ని ఎత్తుకున్నది నేను. అందుకే భయం. మొన్న మళ్ళీ గొట్టాలూ డబ్బా ఇచ్చొచ్చాను. ఉమ్ము చల్లబడిందని కాగితం వస్తే చూద్దాం. రాకపోతే మూల కూర్చుని అన్నం తిని వస్తాను.

అన్నయ్య


కిటాలె,
18 నవంబర్

అన్నయ్యా,

నా నోరు పడిపోను. వదిన ఫోన్ చేసి, పాత కాగితం చేతిలో పెట్టుకుని నువ్వు పశువులపాకలో ఏడ్చావని చెప్పింది. అలిగావనుకున్నానే! నీ ఉమ్ము కంటే నా తొందర ప్రమాదం.

ఇప్పుడు తువెయ్‌ని వద్దనలేను, కోటు తయారైపోయింది. గుండీలు ఆరు. కాగితం పదో తారీకు లోపల వస్తుందట. రాగానే నీకు పంపిస్తాను. వచ్చినా రాకపోయినా నువ్వు మూల కూర్చోవడానికి వీల్లేదు, ముందు వరసలో కూర్చోవాలి.

తప్రందిచ్


కిటాలె,
17 డిసెంబర్

అన్నయ్యకి,

ఇంట్లో ఇప్పుడే కాస్త సందడి తగ్గింది. కిప్రుతో తరఫు పెద్దలు మూడున్నర గంటలు మాట్లాడారు. వాళ్ళ అరప్ చుమో ఒక్క గొడ్డు కోసం వాళ్ళ తాతల చరిత్రంతా చెప్పాడు. మా ఆయన నిద్రపోయాడు. మా చర్చి పాస్టరు నిద్రపోయాడు. అరప్ చుమో మాట్లాడుతూ తనే ఒకసారి కునికాడు. నువ్వు మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నావు. ఆయన నీ పోయినేటి సంగతి ఎత్తి "ఇవాళ నా కాలరు జాగ్రత్త" అన్నప్పుడు నేను మీ ఇద్దరి మధ్యకి రాబోయాను. నువ్వు లేచి, నీ కాలరు ఆయన చేతికిచ్చి "ఒకసారి మీరూ పట్టుకోండి, సరిపోతుంది" అన్నావు. అంత నవ్వు మా ఇంట్లో ఎన్నడూ వినలేదు. నా చిన్నప్పటి అన్నయ్య తిరిగొచ్చాడనిపించింది.

ఇక అరప్ తువెయ్. జిగురు సగం డబ్బా పూసుకున్నాడట. లేచాడు, కోటు సర్దుకున్నాడు, నోరు తెరవబోతే పై పళ్ళు కింద పళ్ళు కలిసి బిగుసుకుపోయాయి. "మ్మ్... మ్మ్..." తప్ప ఏమీ రాలేదు. నిజం చెప్పు, కావాలనే చేశావా?

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. కాగితం పదో తారీకునే వచ్చింది. రాలేదని నీకు అబద్ధం చెప్పి పిండి డబ్బాలో దాచాను. ఉచ్చలో అడ్రినలిన్ దాదాపు సగానికి దిగింది. ఉమ్ములో కార్టిసాల్ మాత్రం కాస్త కూడా కదల్లేదు, అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఈ ఉమ్ము లెక్క కొందరిలో దిగుతుంది, కొందరిలో దిగదు, ఒక్క మనిషిది చూసి ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. తొంభై మందివి కలిపి చూస్తారట. కానీ నీకు అదంతా పడుతుందా? ఉచ్చ చల్లబడింది, ఉమ్ము చల్లబడలేదని నీకెలా చెప్పను? మనవాళ్ళు దీవించేది దేంతోనో తెలుసు కదా!

అందరూ నీవైపు చూసినప్పుడు నువ్వు లేచి వెళ్ళి పిల్ల గుండె మీద ఉమ్మావు. నీకు తెలియకుండా నీ చేత చేయించానని మూడురోజులుగా నాకు అన్నం సయించడం లేదు. తిట్టాలనుంటే తిట్టు.

తప్రందిచ్


కప్తుమో,
21 డిసెంబర్

చెల్లీ,

జిగురు కావాలని చేయలేదు. "బఠాణీగింజంత" అని డబ్బా మీద రాసి ఉంది, ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. గోరువెచ్చటి నీళ్ళతో రెండోరోజు ఊడింది. ఊడగానే ఆయన అన్న మొదటి మాట నాకు చెప్పారు, ఉత్తరంలో రాయలేను.

పిండి డబ్బా సంగతి నాకు తెలుసు. కొయిటోకి రెండురోజుల ముందు జెమెలి ఫోన్ చేసి కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించింది. ఇప్పుడు నేను ఫోన్ చివరిదాకా వింటున్నాను కదా, నా దగ్గర ఏమీ దాగదు. అందుకే ముందు వరసలో కూర్చున్నా తువెయ్‌నే దీవించనిద్దామనుకున్నాను.

ఆయన నోరు అంటుకుపోయి అందరూ నావైపు చూశారు. పిల్ల దగ్గరకి వెళ్ళి "తల్లీ, కాగితం నీకు తెలుసు కదా, నా వల్ల కాదు" అని దాని చెవిలో చెప్పాను. అది ఏమందో తెలుసా? "మామయ్యా, గొట్టంలో ఉమ్మేటప్పుడు ఎవర్ని తలుచుకున్నావు?"

"ఎవర్నీ లేదు. మూత ఎక్కడ పెట్టానా అని వెతుక్కున్నాను."

"మరిప్పుడు?"

దాని మొహం చూశాను. పుట్టిన రోజున నా చేతుల్లో ఉన్న మొహమే. ఆ తర్వాత నువ్వు చూసిందే. నోరు ఎండిపోయి సరిగ్గా ఉమ్ము కూడా రాలేదు తప్రందిచ్. వచ్చిన కాస్తా అంతా దానికే ఇచ్చాను.

జనవరిలో మిషను తిరిగివ్వాలి. డాక్టరమ్మ పాతది ఒకటి ఇప్పిస్తానంది. పందుల సంగతి నేను చూసుకుంటాను.

ఆదివారం ఫోన్ చెయ్యి. నిద్రపోను, ఒట్టు. ఎర్రపెయ్య కట్టింది, ఆ కబురంతా చెప్పాలి. ఉత్తరాలు మాత్రం మానకు. ఫోన్‌లో నువ్వు నన్నొక్క మాట పూర్తిగా చెప్పనివ్వవు. నిజం చెప్పాలంటే, ఇదివరకు నేను మధ్యలో నిద్రపోవడానికి సగం కారణం అదే.

నీ అన్నయ్య,
కిముతై